దోమల వదిన, పేల ఆడపడుచు

పురుగుల పరిశోధనశాలలో వదిన దోమల్ని పెంచేది, ఆడపడుచు బట్టల మడతల్లో ఉండే చీరపేలను పెంచేది. రోగం లేని శుభ్రమైన పురుగులే. వాటికి రక్తం పెట్టాలి కాబట్టి పొద్దున్నే వదిన వలపెట్టెలో చెయ్యి దూర్చేది, ఆడపడుచు పేల డబ్బాను పిక్కకు కట్టుకునేది. ఆ కాసేపూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎవరి పురుగు ఘనమో వాదించుకునేవారు.

దోమ ఒక్క కాటుతో మలేరియా అంటించి చక్కాపోతుందని వదిన గొప్ప. పేను కుట్టిన చోటే దొడ్డికి కూర్చుంటుందనీ, ఆ పెంటను మనిషే గోక్కుని ఒంట్లోకి తోసుకుని టైఫస్ తెచ్చుకుంటాడనీ, ఎదుటివాడిచేత పని చేయించుకోవడమే తెలివనీ ఆడపడుచు వాదన. పెంటతో బతికే తెలివి మాకొద్దులే అని వదిన మూతి తిప్పేది.

ఈసారి వాదన సరదాకి కాదు. ఈ రెండు విభాగాల్లో ఒకటే ఉంచి రెండోది మూసేస్తానని ఆఫీసరు చెప్పాడు. దోమలు పోతే తనను గాజుసామాను కడిగే చోట పడేస్తారని వదిన బెంగ.

ఆ వారమే ఇద్దరూ కలిసుండే ఇంట్లో గజ్జి దిగింది. ఒక్కరు మానేసినా మళ్లీ అందరికీ అంటుకుంటుందని అత్తగారు ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి మాత్రలు మింగించింది. మర్నాడు ఇద్దరూ తమ పురుగులకు కడుపునిండా రక్తం పెట్టారు.

ఆ తర్వాత చూస్తే దోమలన్నీ కాళ్లు చాపేసి ఉన్నాయి. ఆడపడుచే ఏదో చేసిందని వదిన పేల గదిలోకి దూసుకెళ్లింది. అక్కడ ఆడపడుచు తెరిచిన డబ్బా ముందు కూర్చుని ముక్కు చీదుతోంది. మాత్ర పేరు విని ఆఫీసరు తల పట్టుకున్నాడు. ఆ మందున్న రక్తం తాగితే దోమైనా పేనైనా చావాల్సిందేనట. గుడ్లు మిగిలాయి కాబట్టి, వాటి నుంచి వచ్చేవాటికి రక్తమివ్వడానికి ఆ మాత్ర మింగని మనిషిని ఎవరు ముందు తెస్తే వాళ్ల విభాగం ఉంటుందన్నాడు. తోటి ఉద్యోగుల రక్తం వాళ్ల పురుగులకే చాలదు.

ఇంటికొచ్చేసరికి అందరి దురదా తగ్గింది, అత్తగారు మాత్రం ఇంకా గోక్కుంటోంది. నిలదీస్తే, చేదుగా ఉందని ఉమ్మేశానని ఒప్పుకుంది.

"అమ్మా, కాలు ఇటివ్వవే" అంది ఆడపడుచు.

"చెయ్యి చాలు అత్తయ్యా" అంది వదిన. కన్నకూతుర్ని కాదని తనకిస్తుందన్న ఆశ ఆమెకు లేదు.

అత్తగారు విషయమంతా విని, కూతుర్ని ఎగాదిగా చూసింది.

"దోమయితే తాగి దాని దారిన అది పోతుంది. ఒళ్లు పట్టుకుని వేలాడేదాన్ని ఒకదాన్ని కని పెంచాను, చాలు."

చెయ్యి కోడలి వైపు చాపింది. కాపురానికొచ్చాక అత్తగారు తన పక్షం మాట్లాడటం అదే మొదటిసారి. వదినకు ఏడుపొచ్చింది. అది గజ్జి చెయ్యని కూడా చూడకుండా రెండు చేతులతో పట్టుకుంది.