పాడుపెట్టిన ఇల్లే కొన్నాం

గాలి.

ఎండలు ముదరక ముందటి గాలి... దుమ్మూ, ఎండిన జీడిమామిడి ఆకులూ మోసుకొచ్చి గుమ్మంలో పోసే గాలి.

కోటబొమ్మాళి బజారులో మా అద్దిల్లు. తలుపుకి ఒకటే రెక్క. గాలికి కొట్టుకునేది. కొట్టుకున్నప్పుడల్లా ఓనరు జగన్నాధం గారు మేడ మీంచి తొంగి చూసేవారు — తలుపు వాళ్ళది కదా.

ఆ రోజు కిందికి దిగొచ్చారు. లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డారు.

పెద్దామెకి ఊపిరి అందటం లేదట గదా అన్నారు. మంచి నక్షత్రంలో పోతే సరే, చెడ్డ నక్షత్రంలో పోతే నెలల తరబడి ఇల్లు పాడుపెట్టాలి, గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టి వదిలెయ్యాలి, అప్పుడు పైనున్న మేమెక్కడికి పోతాం అన్నారు.

కోపంగా అనలేదు. చెడ్డ మనిషి కాదు. నీళ్ళకి ఏనాడూ అడ్డు చెప్పలేదు.

"ముందే మీ ఊరు తీసుకెళ్ళిపోండి బాబూ. అందరికీ మంచిది."

మా ఊరు భావనపాడు దగ్గర. ఊరుంది. ఇల్లు లేదు. తిత్లీ తుఫాను కప్పు ఎత్తుకుపోయింది, గోడలు పడుకోబెట్టింది.

అదీ గాలే.

అప్పట్నుంచీ మా అత్త బుల్లమ్మ, నా భార్య రాజకుమారి తల్లి, మా దగ్గరే. గోడవతల మంచం మీద పడుకుని అంతా విన్నది. ఆయన మెట్లెక్కేదాకా ఆగింది.

"ఒరే, నాను సచ్చే నచ్చత్రం కూడా ఓనరే సూత్తాడేటి? అద్దెలో అదీ కలిసే ఉన్నాదేటి?"

నేను నవ్వేను. అత్త నవ్వబోయి దగ్గింది.

రాజకుమారి నవ్వలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"బావా, ఇల్లు కొనీద్దుం. మాయమ్మని బయటికి తియ్యమని ఎవులూ అనలేని ఇల్లు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ తను నన్నడిగింది అదొక్కటే.

వెతికాం. నేను పనిచేసే మిల్లుకి సెలవైన రోజల్లా బండేసుకుని వెతికాం. ఇళ్ళలా ఉన్నవి మాకందలేదు. అందినవి ఇళ్ళలా లేవు.

స్టేషను అవతల, వరిచేల పక్కన, ఒక రెండు గదుల డాబా.

గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప.

ముసలాయన పోయాడట, చెడ్డ నక్షత్రంలో. ఇంటివాళ్ళు పాడుపెట్టి పోయారు. గడువు తీరింది. గడువు తీరినా భయం తీరలేదు. అమ్ముతామన్నారు... కొనేవాడు లేడు.

వీధిలోవాళ్ళు వద్దన్నారు. మిల్లులోవాళ్ళు వద్దన్నారు. ఇల్లు చూపించిన బేరగాడు కూడా గొంతు తగ్గించి, మీ ఇష్టం మరి అన్నాడు.

నాకు మాటలు తక్కువ. ఇంటిని చూశాను.

గోడ బీట తియ్యలేదు. పిట్టగోడ మీద గడ్డి మొలిచింది. సన్‌షేడు కింద పిచ్చుకలు గూడు కట్టుకున్నాయి — పాడుపెట్టిన సంగతి వాటికెవరూ చెప్పలేదు.

రాజకుమారి కంప పట్టి లాగింది. ముల్లు దిగింది. వేలు నోట్లో పెట్టుకుంది. మళ్ళీ లాగింది.

"మనుసులు బతికిన ఇల్లే గదా. బతికినోలు సస్తారు. ఇల్లేటి సేసింది పాపం?"

బేరగాడు నా వైపు చూశాడు, మొగుడన్నవాడు ఏమంటాడో అని.

కంప రెండో కొస నేను పట్టుకున్నాను.

కొన్నాం.

బ్యాంకు అప్పుతో, ఇద్దరి పేర్ల మీదా. అమ్మినాయన సంతకం పెట్టి, శాంతి చేయించుకోండమ్మా అన్నాడు. సున్నం వేయించుకుంటాం అంది రాజకుమారి.

వేయించలేదు. మేమే వేసుకున్నాం. తను కింద, నేను నిచ్చెన మీద. నా జుట్టులో సున్నం చూసి అత్త, అల్లుడు ముసిలోడైపోనాడు, నాకు తోడు దొరికినాడు అంది.

అంతలో ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో కొత్తింట్లో ఎవరూ దిగరు. శ్రావణం దాకా ఆగమన్నారు అందరూ.

శ్రావణం దాకా ఆగే ఓపిక అత్త ఊపిరికి లేదు.

దిగాం.

పాలు పొంగించాం. పిలిచినా వీధిలోంచి ఎవరూ రాలేదు. గిన్నెడు పరమాన్నం మాకే మిగిలింది. అరుగు చల్లగా ఉంటుంది, అక్కడ వెయ్యనా మంచం అని అడిగాను. అత్త తల అడ్డంగా ఊపింది. వేలు చాపి నడిల్లు చూపించింది.

నడింట్లోనే వేశాం.

ఈ రోజు పొద్దుట్నుంచీ అత్త నీళ్ళు పుచ్చుకోలేదు. పిలిస్తే కనురెప్ప కదులుతోంది... అంతే.

సాయంత్రం పక్కింటి సుభద్రమ్మ వచ్చింది. రావడం ఇదే మొదలు. గేటు దాటలేదు. నక్షత్రం బాగోలేదు, ఊపిరుండగానే అరుగు మీదికి తెచ్చీండి, ఇంటికి దోషం అంటదు అంది.

మా మంచికే అంది.

రాజకుమారి తల్లి కాళ్ళ దగ్గర్నుంచి లేచింది. ఒక రెక్క తీసే ఉంది. రెండో రెక్క కూడా బార్లా తీసింది.

"మాయమ్మ నడింట్లోనే ఉంటాది పిన్నీ. సూడాలనుంటే నువ్వే లోపలికి రా."

సుభద్రమ్మ రాలేదు.

పోనూ లేదు.

గాలి లేచింది. వానకి తడిసిన నారుమడి వాసన మోసుకుని చేల మీంచి వచ్చింది. గేటు దగ్గర ఆగలేదు. అరుగు దగ్గర ఆగలేదు. తిన్నగా నడింట్లోకి...

అత్త కొంగు కదిలింది.

గాలికో... ఊపిరికో...

ఏదైనా — ఇంట్లోనే.