పన్నెండో స్లైడు

రొయ్యలు వలుస్తున్న చేతులతో లాప్‌టాప్ ముట్టుకోలేక కృపారాణి మోచేత్తో మీట నొక్కింది. కొవ్వూరులో ఈ వంటింటి గట్టే ఆమె ఆఫీసు. నాలుగు నెలలుగా ఒకటే పని. వందల కంపెనీల సర్వర్లూ నెట్‌వర్కులూ ఆగిపోకుండా చూసే ఓ పెద్ద ఐటీ కంపెనీ వ్యాపారం ఎటు పోతోందో, దాని వ్యూహం ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చి చెప్పడం. నివేదిక రాసింది కృపారాణి. రేపు సోమవారం హైదరాబాదులో, ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టబోయే పెద్దల ముందు నిలబడి చెప్పేది రమ్యశ్రీ.

ఆ పిల్లకి పని నేర్పింది తనే. ఇప్పుడు ఇస్త్రీ చీర, మెళ్లో ఆఫీసు కార్డు, తన వాక్యాలన్నీ ఆమె నోట్లో. తలుచుకుంటే ఓర్చుకోలేకపోతుంది. కుళ్లే అది, పచ్చి కుళ్లు. రమ్యశ్రీ ఫొటోలు పెద్దవి చేసి మరీ చూస్తుంది, ఎక్కడైనా వంక దొరుకుతుందేమోనని. సరిగ్గా అప్పుడే అత్తగారు హెలెన్, "ఇంట్లోనే కదమ్మా ఉంటున్నావు, ఆ బట్టలు కూడా ఆరేసెయ్యి" అంటుంది. "నీకేం రాణీ, గడప దాటకుండా జీతం!" అంటాడు స్కూలు మేష్టారైన మొగుడు ఫిన్నీ, కంచం ముందు కూర్చుని.

ఇవాళ వంక దొరికింది. "ఒకసారి చూసిపెట్టండక్కా" అంటూ రమ్యశ్రీ పంపిన స్లైడుల్లో పన్నెండోది. పాత ఖాతాదారులు గడువు పొడిగించిన ఒప్పందాలన్నిటినీ కొత్త వ్యాపారం కింద కలిపేసింది. నిజానికి ఆ కంపెనీకి కొత్తవాళ్లు రావడమే లేదు, ధరలు తగ్గించి పాతవాళ్లను పట్టుకు వేలాడుతోంది. నివేదికకి ప్రాణం ఆ ఒక్క మాటే. రేపు ఎవరో ఒకరు అడుగుతారు, రమ్యశ్రీ నీళ్లు నములుతుంది. ఊహించుకుంటేనే హాయిగా ఉంది. చెయ్యి కడుక్కుని "అంతా బాగుంది" అని పంపేసింది.

వెంటనే ఫోను మోగింది. రమ్యశ్రీయే.

"థాంక్సక్కా. భయంతో రాత్రి నిద్రే లేదండి నాకు. మీరొచ్చుంటే ఎంత బావుండేదో. మన ఆఫీసు సార్ మొదట మీకే కదా ఫోన్ చేశారంట? మీ ఆయనగారు ఎత్తి, మీకు రావడం ఇష్టం లేదన్నారంట."

రెండు వారాల కిందటి శుక్రవారం పొద్దున. తను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద తన ఫోను మోగింది. ఎవరండీ అని అడిగితే, "రాంగ్ నంబరు" అన్నాడు ఫిన్నీ. అంటే ఇన్ని రోజులూ తన కుళ్లంతా తప్పు మనిషి మీద పోసిందన్నమాట.

"రమ్యా, పన్నెండో స్లైడు తప్పు. తెలిసే బాగుందన్నాను, నువ్వంటే కుళ్లు నాకు." లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "దాన్ని నేను సరిచేస్తాను. రేపు నేనే మాట్లాడతాను. సార్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా."

"రండక్కా" అంది రమ్యశ్రీ, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో.

సార్‌తో మాట్లాడి ఫోను పెట్టేసరికి ఫిన్నీ గుమ్మంలో ఉన్నాడు. "ఎవరు, ఇందాకట్నించీ ఫోను?"

"రాంగ్ నంబరు కాదండి," అంటూ కృపారాణి సగం వలిచిన రొయ్యల గిన్నె అతని చేతుల్లో పెట్టింది. "మధ్యాహ్నం రైలుకి హైదరాబాదు వెళ్తున్నాను."