మొదటి వాయి దిగేదాకా

సెక్టర్ 7 మార్కెట్ వెనక మాకో ఇడ్లీ బండి ఉంది. మా ఆయన పోయాక మా అమ్మాయి ప్రసూన నడుపుతోంది. బొగ్గుల పొయ్యిలు వాడకూడదని చలికాలం మొదట్లో నగరపాలిక ఆర్డరు వేసింది. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో వాటిని సిగ్డీలంటారు. ఆ పొగ మంచిది కాదని నాకూ తెలుసు. ప్రసూన దగ్గినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. అందుకే గ్యాసు కోసం తిరిగాం. ఏజెన్సీలో దుకాణం కాగితం అడిగారు. నగరపాలిక ఆఫీసుకి వెళితే, రోడ్డు పక్క బండికి దుకాణం కాగితం కుదరదన్నారు.

పొయ్యి ఎప్పుడు ఎత్తుకుపోతారో, అడ్డం వెళితే పిల్లని ఎక్కడ జైల్లో పెడతారో అని నాకు నిద్ర పట్టేది కాదు.

"మానీవే, ఎవలింట్లోనైనా వంటకి కుదురుకుందాం" అని పోరేదాన్ని.

"పొయ్యి పోతే తినీది ఏటమ్మా, నీ భయాలా?" అనేది ప్రసూన.

మంగళవారం పొద్దున్నే నగరపాలిక లారీ వచ్చింది. అప్పుడే మొదటి వాయి ఎక్కించాం. నైట్ షిఫ్టు దిగినవాళ్లు ఆకలితో నించున్నారు. లారీ దిగిన ఆఫీసరు అనిరుధ్. అంతకు ముందు నోటీసు ఇచ్చిందీ అతనే. మనవాళ్ల కుర్రాడే కానీ ఇక్కడే పుట్టాడు. మాట సగం తెలుగు, సగం హిందీ.

"ఆంటీ, సిగ్డీ గరమ్‌గా ఉంది, లారీలో పెట్టలేం. పానీ పోసేయండి" అని నా ముందు బకెట్టు పెట్టించాడు.

ప్రసూన అడ్డం వచ్చింది. నేనే దాని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "ఒగ్గీవే, గొడవలొద్దు" అంటూ బకెట్టు ఎత్తాను.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మా వైపు, మొదటి వాయి దిగకుండా పొయ్యి మీద నీళ్లు పోసేది చావింట్లోనే. మా ఆయన పోయిన పొద్దున మా అత్తగారు పోసింది. ఇప్పుడు ఎవరి కోసం పోయాలి? ఇంట్లో మిగిలింది నేనూ, ప్రసూనా.

బకెట్టు దింపి, పొయ్యికి అడ్డంగా పీట వేసుకు కూర్చున్నాను.

"నాను పొయ్యను."

"కేసు అవుతుంది ఆంటీ."

"అవనీ. బాబూ, మీయమ్మది ఏ ఊరు?"

"పలాస సైడు. క్యోఁ, ఎందుకు?" అన్నాడు. అంటే మా వైపే.

"ఫోను సెయ్యి. వాయి ఉడుకుతుంటే పొయ్యి మీద నీల్లు పొయ్యొచ్చా అని అడుగు. ఆయమ్మ పొయ్యమంటే ఇప్పుడే పోస్తాను."

పక్క పకోడీ బండి చిట్టిబాబు అరిచాడు. "సెయ్యండి సార్, స్పీకర్లో ఎట్టండి! మేమూ ఇంటాం!"

అందరూ నవ్వారు. అనిరుధ్ ఫోను తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. లారీలో వచ్చిన కూలీలని పొయ్యమన్నాడు. వాళ్లు ఛత్తీస్‌గఢీలో ఏదో గొణిగి తలలు అడ్డంగా ఊపారు.

"సరే, ఈ వాయి దిగాక?"

"దిగితే రెండోది ఎక్కుతాది. రుబ్బిన పిండి పారబోస్తామేటి? నువ్వు గ్యాసు కాగితం ఇప్పించు. ఆ పూటే ఈ సిగ్డీ నానే మోసి నీ లారీలో ఎడతాను."

"రేపు పోలీసులతో వస్తాం" అని లారీ ఎక్కేశాడు.

అప్పుడు మొదలైంది నా భయం. లాఠీలు, పిల్ల జుట్టు పట్టి ఈడ్చడం, ఠాణా, అన్నీ కళ్లకు కట్టాయి. ప్రసూన మూత తీసి ఇడ్లీలు దింపుతూ నా ముఖం చూసింది.

"రేపు బండి ఎట్టొద్దులే అమ్మా. నీకు భయమేస్తే..."

"భయమేస్తే ఏటి? పప్పు రెండింతలు నానబెట్టు. ఆల్లు ఎప్పుడొచ్చినా పొయ్యి మీద వాయి ఉండాలి."