బట్ట మార్చిన పరుపు

పాత పరుపు కుట్లు విప్పడం హమీద్ ఎప్పుడూ తలవైపు నుంచే మొదలుపెడతాడు. బ్లేడు ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని దారాన్ని తుంచుతూ కాళ్లవైపు జరిగాడు. లోపలి దూది చెమటకు పసుపెక్కి, అట్టలు కట్టి ఉంది. చేత్తో చీల్చి ఏకే మిషన్‌లో పెట్టాడు. అటువైపు నుంచి అది పొగలా ఎగసి అతని మీసాల మీద, కనురెప్పల మీద, చెవుల మీది వెంట్రుకల మీద వాలింది. దగ్గు వచ్చింది.

ఆ దగ్గు ఇవాళ్టిది కాదు. తండ్రి విల్లుతో దూది ఏకిన కాలం నుంచీ ఆ ఇంట్లో మగవాళ్లందరికీ ఉన్నదే. కానీ కరోనా రెండో వేవ్ మొదలైనప్పటి నుంచి అతను దగ్గితే ఎదురు కిరాణా కొట్టు ముందున్న వాళ్లు గిరుక్కున తిరిగి చూస్తున్నారు. అందుకని మిషన్ చాటుకు వెళ్లి, తువ్వాలులో ముఖం దాచుకుని దగ్గడం అలవాటు చేసుకున్నాడు.

లాక్‌డౌన్ వల్ల పాల్వంచ బజారు పొద్దున కాసేపే తెరుస్తున్నారు. దుకాణం వెనకే ఇల్లు. లోపల భార్య ఫజిలత్ టీవీ పెట్టింది. ఆక్సిజన్ అందక ఏదో ఊళ్లో మనుషులు పోయారట. శ్మశానం బయట శవాలు వరుసలో ఉన్నాయట.

హమీద్‌కు చాయ్‌తో పాటు పేపర్ చదివే అలవాటుండేది. ఈ నెల తనే మాన్పించాడు. కాగితం మీద కూడా వస్తుందంటున్నారని ఫజిలత్‌తో చెప్పాడు గానీ, అసలు భయం జిల్లా పేజీ అడుగున వేసే, పోయినవాళ్ల చిన్న చిన్న ఫోటోలది. ఆ ముఖాలు చాలావరకు అతనికి గుర్తుండవు. పేరు, కాలనీ చదివితే మాత్రం పరుపు గుర్తొచ్చేది. ఈయన వెల్లకిలా పడుకునేవాడు, నడుము దగ్గర దూది నలిగి పొడైపోయేది. ఈమె ఎప్పుడూ ఓ అంచున ముడుచుకునేది, మిగతా పరుపంతా కొత్తగానే ఉండేది. మనుషుల్ని అతను ఎక్కువగా బరువుతోనే ఎరుగును. ఒకసారి కిన్నెరసాని దారిలో సైకిల్ మీద వస్తుంటే వాగు పక్కన, జబ్బుతో పోయినవాళ్లవి, సగం కాలిన పరుపులు కనిపించాయి. ఒకదాని అంచు కుట్టు తన చేతిదే. ఆ తర్వాత అటు వెళ్లలేదు. కానీ కళ్లు మూసుకుంటే ఆ నల్లటి అంచు, దాని మీది తన కుట్టు కనిపిస్తూనే ఉన్నాయి.

దుకాణం మూసే వేళకు పరుపుతో ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పవర్ ప్లాంట్ కాలనీ నాగలత దిగింది. ఆమె పెళ్లికి పరుపులు కుట్టింది హమీదే. భర్త జయప్రకాశ్ ప్లాంటులో ఆపరేటర్. అతను కరోనాతో ఖమ్మం దవాఖానాలో పోయాడని హమీద్ విన్నాడు. ఆటోవాడు పరుపు మీద చెయ్యి వెయ్యనన్నాడు. రెండు కొసలు వాళ్లిద్దరే పట్టుకుని దించారు.

"చాచా, దూది ఏకొద్దు. బట్ట ఒక్కటే మార్చాలె" అంది నాగలత.

"ఏకకుంటె ఎట్లమ్మా? గట్టిగై రాయి లెక్కుంది గదా."

"గట్లనే ఉండనీ." ఆమె మాస్కు కళ్ల కిందదాకా తడిసి ఉంది. "ఆయన మొఖం గూడ చూపియ్యలే చాచా. చుట్టి తీస్కపోయిన్రు. మా అత్తోళ్లు పరుపు కాలవెట్టమన్నరు. బట్ట కాలవెట్టుకోండ్రి, దూది మాత్రం ఇయ్యనన్న. ఆయన పండుకున్న గుంత పోవద్దు. గదొక్కటే మిగిలింది."

 బతుకంతా హమీద్ చేసిన పని ఆ గుంతల్ని లేకుండా చేయడమే.

"రేపు పొద్దుగాల రా బిడ్డా" అన్నాడు చివరికి.

ఆటో మలుపు తిరిగాక ఫజిలత్ గుమ్మంలోకి వచ్చింది. "నీకేమన్న పిచ్చా? దాన్ని ఇంట్లకు తెస్తవా?"

"సచ్చినోళ్ల పరుపులు మనమెన్ని ఏకలే?"

"గప్పుడు వేరు. టీవీల జూస్తలేవా ఏమైతుందో?"

"చూస్తున్న" అన్నాడు హమీద్.

షట్టర్ దించి, మాస్కు మీద తువ్వాలు బిగించి, పెరటి తలుపు వెలుగులో కూర్చున్నాడు. పక్క కుట్లు విప్పి, పై బట్టను పుండు మీది కట్టు తీసినంత మెల్లగా ఒలిచాడు. మనిషి కనిపించాడు. ఎడమవైపు ఒత్తిగిలి పడుకునేవాడు. భుజం దిగిన చోటు, తుంటి దిగిన చోటు, మడిచిన మోకాళ్ల జాడ. రొమ్ముకు దగ్గరగా ఇంకో చిన్న గుంత, అరచేతులు రెండు పెడితే నిండిపోయేంత. పిల్లో పిల్లాడో అక్కడే నిద్రపోయేవారు కాబోలు. దాని సంగతి నాగలత చెప్పలేదు.  హమీద్ ఊపిరి గట్టిగా తీస్తే అక్కడ పడుకున్నవాళ్లు లేస్తారేమోనన్నట్టు కూర్చున్నాడు.

కొత్త బట్ట పైన పరిచాడు. అడుగు బట్ట మార్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పరుపు తిరగేస్తే ఆకారం చెదిరిపోతుంది. ఏం చేయాలా అని చూస్తుండగా ఎదురుగా నీడ పడింది. ఫజిలత్ కొంగుతో మూతీ ముక్కూ కట్టుకుని వచ్చి, అవతలి అంచు కింద రెండు చేతులూ పెట్టింది. హమీద్ ఆమె వైపు చూశాడు. ఆమె పరుపునే చూస్తోంది. ఇద్దరూ కలిసి కొద్దికొద్దిగా ఎత్తుతూ, పాత బట్ట లాగుతూ, కొత్తది తోస్తూ పోయారు. ఒకచోట అతనికి దగ్గు ముంచుకొచ్చింది. పెదవులు బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఆపుకున్నాడు.

తర్వాత దూది కదలకుండా దబ్బనంతో అక్కడక్కడ టాకాలు వేశాడు. ఎప్పుడూ దారం గట్టిగా గుంజి ముడి వేసే చెయ్యి, ఇవాళ పసిబిడ్డ మొలతాడు కట్టినట్టు వదులుగా కట్టింది. చిన్న గుంత చుట్టూ టాకా వేయనే లేదు. సాయంత్రపు అసర్ అజాన్ వినిపించేసరికి పని అయిపోయింది. పాత బట్టను పెరట్లో కాల్చి, బూడిద మీద నీళ్లు పోశాడు.

మర్నాడు నాగలత వచ్చి, పరుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కొత్త బట్ట మీంచి అరచెయ్యి ఆనించింది. ముందు భుజం దగ్గర. ఆ తర్వాత చిన్న గుంత దగ్గర. హమీద్ ముఖం తిప్పుకుని ప్లాంటు పొగ గొట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారంలోనే అతనికి జ్వరం వచ్చింది. దగ్గు ఎప్పుడూ ఉండేదే కనుక ఇద్దరూ పట్టించుకోలేదు. ఆయాసం మొదలయ్యాక కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లారు. వార్డులోకి పోతూ వెనక్కి తిరిగి, "మిషన్‌కు నూనె వెయ్యి. తుప్పు పడ్తది" అన్నాడు ఫజిలత్‌తో. ఆ తర్వాత అతని మాట ఆమె వినలేదు. తెల్ల సూట్లు తొడుక్కున్నవాళ్లు అతన్ని మట్టి చేస్తుంటే కబరస్తాన్ గోడ అవతల నిలబడి చూసింది.

వీధి వీధంతా ఆ పరుపే అంటించిందంది. రంజాన్‌కు రేషన్ లైన్లో నిలబడ్డాడుగా, అక్కడ అంటిందేమో అని ఒకరిద్దరు అన్నారు.

దుకాణాలు మామూలుగా తెరిచాక ఒకరోజు నాగలత వచ్చి గడప బయటే నిలబడింది. ఏదో అడగాలని వచ్చి అడగలేకపోతోంది. ఫజిలత్ లేచి ఆమెను లోపలికి పిలిచి, పీట వేసి, నీళ్లిచ్చింది.

"నీ పరుపుతోని కాదు బిడ్డా" అంది.

నాగలత గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చింది. తానన్న మాట నిజమో కాదో ఫజిలత్‌కు తెలియదు. ఎన్నటికీ తెలియదు.

ఆమె వెళ్లాక ఫజిలత్ దవాఖానా వాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచి ముడి అప్పుడే మొదటిసారి విప్పింది. ఫోను, ఛార్జరు, ఒక దువ్వెన. దువ్వెన పళ్ల మధ్య తెల్లటి పోగులు చిక్కుకుని ఉన్నాయి. వాటిలో నెరిసిన వెంట్రుక ఏదో, దూది ఏదో ఆమె పోల్చుకోలేకపోయింది.