విదోయె చక్రం

విదోయె పోయి ఏడాది కావస్తోంది. ఒవ్చార్ లోయ మలుపులో అతని పేరిట రాయి నిలబెడుతున్నారు. రోడ్డు మీద ప్రాణం పోయినవాడికి రోడ్డు పక్కనే రాయి, ఆ రాయికి అతని బండిలో ఏదో ఒక ముక్క బిగించడం అక్కడి ఆనవాయితీ. భార్య స్తానియా, విరిగిన ముందు చక్రమే కావాలని పట్టుబట్టింది. దాన్ని మెరిపించే పని విదోయె అన్న రాదిషాకి పడింది. ఇంకెవరికి పడుతుంది? లోయ మొత్తంలో అల్యూమినియం చక్రాన్ని అద్దంలా చేసే మొనగాడు తానేనని చెప్పుకు తిరిగినవాడు మరి.

ఇంటి వెనక షెడ్డులో పాత వార్నిషు గీకాడు. ఎమరీ పేపరు నీళ్లలో ముంచి, గరుకుది మొదలుకొని సన్నదాని దాకా రుద్దాడు. పాలిష్ ముద్ద పట్టించాడు. చక్రమంతా తళతళలాడింది, ఒక ఊచ మొదలు తప్ప. అక్కడ విరిగిన అంచులో సగం తెల్లగా ఉంది, సగం నల్లగా ఉంది. పెట్రోలుతో కడిగాడు, బ్రష్షుతో తోమాడు. తెల్లారి ఎండ తగిలేసరికి మళ్లీ నలుపు ఊరింది.

ఆ నలుపు అతను ఎరిగిందే. అది అతని పాలిష్ ముద్దే. రెండేళ్ల కిందట తమ్ముడి పెళ్లికి ఈ చక్రాలు రుద్దుతుంటే, ఊచ మొదట్లో వెంట్రుకంత పగులు కనిపించింది. పగిలిన చక్రాన్ని పారేయాలని పదిమందికి చెప్పే మనిషి. కానీ ఆదివారం పెళ్లి, ఊరంతా గొప్పలు చెప్పేశాడు. అల్యూమినియం మెత్తటిది, సన్న పేపరుతో గట్టిగా రుద్దితే పగులు నోరు మూసుకుంటుంది. రుద్దాడు. పగులు మాయమైంది. అంతే, అంత పాపిష్టి పని అంత తేలిగ్గా అయిపోయింది.

మలుపులో చక్రం విరిగితే పోలీసులు అతివేగమని రాసుకున్నారు. ఊరు తలాడించింది. రాదిషా నోరు మెదపలేదు. ఆనాటి నుంచి ఏ కారు మలుపు తిరిగినా అతని ఒళ్లు జలదరిస్తుంది. భయం, సిగ్గు, రెండూ తింటున్నాయి అతన్ని.

మూడో రోజు పొద్దున ఆకురాయి తీసుకున్నాడు. నాలుగు రాపిళ్లతో నల్లసగం పోతుంది, ఇక ఎవరికీ తెలియదు. అప్పుడే కాఫీ గిన్నెతో స్తానియా వచ్చింది.

"దాన్ని గీకెయ్యకండి బావగారూ."

"నల్లగా ఉందమ్మా, బాగోదని..."

"ఆ నలుపేంటో నాకు తెలుసు. పెళ్లయ్యాక మొదటిసారి కారు కడిగినప్పుడే గీత తేలింది. ఆయన వేలితో తడిమి చూపించారు. 'అన్నయ్యతో అనకు, తలెత్తుకోలేడు. కొత్తది కొనేదాకా మెల్లగా నడుపుతాలే' అన్నారు."

రాదిషా బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "ఏడాదిగా అడగలేదేమమ్మా?"

"మీరే చెబుతారని చూశాను. ఆయన వద్దన్నా నేను మీతో చెప్పాల్సింది, వెంటనే మార్పించాల్సింది. ఆ పాపం నాది, నేను మోస్తాను. మీది మీరు చెప్పుకోండి. ఎల్లుండి రాయి దగ్గర అందరూ ఉంటారు."

రాయి నిలబెట్టిన రోజు, మలుపులో పాద్రి ప్రార్థన ముగించాడు. పోయినవాళ్ల పేరిట పంచే ఉడికించిన గోధుమలు చేతులు మారాయి. పినతండ్రి నిట్టూర్చి, "కుర్రాడు బంగారం, తొందరే కొంప ముంచింది" అన్నాడు.

"మెల్లగానే వెళ్లాడు బాబాయ్," అన్నాడు రాదిషా. "చక్రం పగిలిందని నాకు తెలుసు. పైన పాలిష్ పెట్టి ఇచ్చాను."

తల్లి దరింకా రకియా సారా సీసా అందుకుంది. చనిపోయినవాళ్ల వాటా నేల మీద పోయడం, బతికున్నవాళ్లది చేతికివ్వడం పద్ధతి. విదోయె పేరు పలికి మొదటి గ్లాసు నేల మీద పోసింది. రెండోది నింపి, పెద్దకొడుకు చాచిన చేతి వైపు చూసింది. రాదిషా పేరు పలికి, దాన్నీ నేల మీదే పోసింది.