అడ్డం, మూడక్షరాలు

యార్క్‌షైర్ లోయలో ముప్ఫయ్యేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైంది ఐవీ రైస్ట్రిక్. ఇప్పుడు ఆవిడకున్నవి రెండే పనులు: పొద్దున టీతోపాటు పేపర్లో గళ్ళనుడికట్టు నింపడం, ఆదివారం చర్చి వెనక మొగుడు స్టాన్లీ సమాధి దగ్గర కూర్చోవడం. ఇంతలో పెంబర్టన్ అనే లండన్ ఆసామి పొలాలు కొని, వాటి గుండా చర్చికి పోయే కాలిబాటకు గేటు పెట్టి తాళం వేశాడు. రోడ్డు మీద చుట్టూ తిరిగితే మూడు మైళ్లు. అరిగిన మోకాలితో ఐవీ రెండు నెలలుగా స్టాన్లీని చూడలేదు.

ఊరి హాల్లో విచారణ పెట్టారు. ఊరికున్న ఆధారమల్లా నాలుగొందల ఏళ్లనాటి దస్తావేజు. పెంబర్టన్ లాయరు దాన్నే ఊరి మీదికి తిప్పాడు. చర్చి బాటలో యజమాని ఎవరినీ ‘లెట్’ చేయరాదని అందులో ఉందట. లెట్ అంటే పోనివ్వడమని బడి పిల్లలకు కూడా తెలుసునట. అంటే పోనివ్వకూడదనే కదా అన్నాడు. ఊరంతా తలలు దించుకుంది. మన గొయ్యి మన తాతలే తవ్వారని మాంసం కొట్టు టెడ్ గొణిగాడు.

ఐవీ కర్ర పట్టుకుని లేచింది.

“లాయరుగారూ, మీరు గళ్ళనుడికట్టు నింపుతారా?”

అంత తీరిక లేదన్నాడాయన.

“అదే వచ్చిన చిక్కు. ‘అడ్డం, మూడక్షరాలు: పోనిస్తుంది, పోనివ్వదు.’ నాకిది టీ చల్లారేలోపు తేలిపోద్ది. ఎల్, ఈ, టీ: లెట్. లెట్‌లు రెండు నాయనా. వేర్వేరు తల్లుల బిడ్డలు, మొహాలే ఒకటి. ఒకటి పోనివ్వడం, రెండోది అడ్డుకోవడం. దస్తావేజులో ఉన్నది రెండోది.”

ఆ రెండోది ఎప్పుడో చచ్చిన మాటని లాయరు నవ్వాడు. ఐవీ సంచీలోంచి తన పాస్‌పోర్టు తీసి, మొదటి పేజీ గట్టిగా చదవమంది.

ఆయన చదివాడు. ఈ వ్యక్తిని ఏ ‘లెట్’ గానీ ఆటంకం గానీ లేకుండా స్వేచ్ఛగా సాగనివ్వాలి, అనేదాకా చదివి, పాస్‌పోర్టు మూసి ఐవీకి తిరిగిచ్చేశాడు. హాలంతా బల్లలు చరిచింది. విచారణాధికారి నవ్వాపుకోలేక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మూడు వారాలకు తీర్పు ఊరివైపే వచ్చింది. ఆదివారం ఊరు ఊరంతా గేటు దగ్గర చేరింది. పెంబర్టన్ స్వయంగా తాళం తీసి, ఏదో సర్దిచెప్పుకోబోతూ బాట మధ్యలోనే నిలబడిపోయాడు.

“అడ్డు లే నాయనా,” అంది ఐవీ. “మా ఆయన ఎదురుచూస్తున్నాడు.”