జంక్షన్లో కొన్న దండ

"చావు కబురు మీద కూడా పీహెచ్‌డీ ఇస్తారా?" అన్నాడు రత్తయ్య.

"ఇస్తారు బాబాయిగారూ. ఎవరు పోయారన్నది కాదు నాక్కావాల్సింది. ఆ సంగతి అవతలివాళ్లకి ఎలా చెప్తారు, వాళ్లు దాన్నెలా అర్థం చేసుకుంటారు, అదీ."

"పోతే పోయారని చెప్తారు. దానికి ఇన్నేళ్ల చదువెందుకు?"

శాంభవి నవ్వింది. పైవాటాలో అద్దెకు దిగి ఏడాదైంది ఆ పిల్ల. యూనివర్సిటీలో భాషాశాస్త్రం. సందుసందూ తిరిగి జనం చేత మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసుకొస్తుంది. పటమటలో ఆ వీధంతా అయిపోయింది. ఇంటాయన ఒక్కడే మిగిలాడు. ఇదివరకు అడిగినప్పుడల్లా పనుందని పంపేశాడు. ఈసారి తనే పిలిచి కూర్చోబెట్టాడు. మర్యాద కోసం కాదు. వీధిలోవాళ్లంతా ఈ పిల్లకి ఏం చెప్తున్నారో, అందులో చదువుకోడానికి ఏముందో తేల్చుకోవాలనిపించింది.

రత్తయ్య ఉయ్యూరు దగ్గర పల్లెబడిలో ఎనిమిది దాకా చదివాడు. ఆటోనగర్లో లారీల కింద బరువు మోసే కమాను కట్టలు వేసే షెడ్డు నడుపుతాడు. కట్ట విరిగితే తీసేసి కొత్తది వేస్తాడు. మనుషుల విషయంలో ఆ అలవాటు లేదు. తెగినవాణ్ణి తెగినట్టే వదిలేస్తాడు.

అలా వదిలేసినవాళ్లలో మొదటివాడు బావమరిది దుర్గాప్రసాద్.

ఆరేళ్ల కిందట రత్తయ్య భార్య పద్మావతమ్మని ఆస్పత్రిలో చేర్చారు. రెండో రోజుకే డాక్టర్లు పెదవి విరిచారు. మధ్యాహ్నం రత్తయ్య ఏలూరులో ఉన్న ఆమె తమ్ముడికి ఫోన్ చేశాడు. ఆమెకి తెలివుంది. కళ్లు తెరిచినప్పుడల్లా "తమ్ముడొచ్చాడా?" అని అడిగేది. ఏలూరు నుంచి బెజవాడ ఎంత దూరం? దుర్గాప్రసాద్ పొద్దుగూకాక వచ్చాడు. అప్పటికే మొహం మీద దుప్పటి కప్పేశారు.

ఆలస్యం ఒక్కటే అయితే రత్తయ్య దిగమింగేవాడేమో. కానీ బావమరిది చేతిలో చేమంతి దండ ఉంది. వెనక వ్యాను నిండా చుట్టాలున్నారు. ఆమె పోయిందని ఇంకా ఎవరూ అతనికి చెప్పలేదు. ఎక్కడిదిరా దండ అంటే, హనుమాన్ జంక్షన్లో కొన్నానన్నాడు.

వ్యాను జంక్షన్లో ఆగినప్పటికి ఆమె బతికే ఉంది.

రత్తయ్య ఆ దండ లాక్కెళ్లి బందరు కాలవలో పడేశాడు. ఊపిరున్న మనిషికి దండ కొన్నవాడు తన గుమ్మం తొక్కకూడదన్నాడు. దుర్గాప్రసాద్ పెద్దదినానికి వస్తే వీధిలోంచే పంపేశాడు. ప్రతి ఏడూ తద్దినం రోజున అతను ఫోన్ చేస్తాడు. మోగి మోగి ఆగిపోయేదాకా రత్తయ్య దానికేసి చూస్తూ కూర్చుంటాడు. వచ్చే గురువారం మళ్లీ తద్దినం.

ఇదంతా శాంభవికి తెలియదు.

"మీ ఇంటి సంగతులేం చెప్పక్కర్లేదు బాబాయిగారూ. నాటకం అనుకోండి," అంది. "ఇంట్లో ఒకరు పోయారు. వాళ్ల తోబుట్టువులు దూరంగా ఉన్నారు. ఫోన్ చేయాల్సింది మీరు. ఏమంటారు?"

ఫోన్ బల్ల మీద పెట్టింది. రత్తయ్య గొంతు సవరించుకున్నాడు.

"సీరియస్‌గా ఉంది. వెంటనే బయల్దేరండి."

"పోయారు కదా?"

"పోయారని మొహం మీదే చెప్పేస్తామా? విన్నవాడు అక్కడే విరుచుకు పడిపోతే? బండి తోలుకుంటూ వచ్చి దేనికన్నా గుద్దేస్తే? సీరియస్ అంటాం. వాళ్లే అర్థం చేసుకుంటారు."

"చేసుకుంటారంటారా?"

"చిన్నపిల్లలక్కూడా తెలుసమ్మా."

"సరే. ఇంకొకటి. ఈసారి మనిషి పోలేదు. నిజంగానే ప్రాణం మీదికొచ్చింది. వాళ్లకే ఫోన్ చేస్తున్నారు. ఏమంటారు?"

రత్తయ్య వెంటనే నోరు తెరిచాడు. "సీరియస్‌గా..."

అక్కడ ఆగాడు.

"చూశారా! అందరూ ఇక్కడే ఆగుతున్నారు," అంది శాంభవి సంబరంగా. "కొందరు నవ్వేస్తారు. కొందరు, ప్రాణం ఉంది, మాట్లాడుతోంది అని తర్వాత కలుపుతారు. ఒకావిడైతే ఆ మనిషి చేతే ఫోన్లో మాట్లాడిస్తానంది. ఉత్త సీరియస్ అంటే చాలదని ఆలోచిస్తే అందరికీ తెలుస్తుంది. కంగారులో ఉన్నవాళ్లకి ఆలోచించే తీరికేదీ? జాలితో ఆ మాట వాడీ వాడీ, నిజంగా అవసరమైనప్పుడు పనికిరాకుండా చేసుకున్నాం."

"వినేవాడు అడగొచ్చుగా? మనిషుందా లేదా అని?"

"మీరడుగుతారా?"

రత్తయ్య తనని తాను ఆ ఫోను అవతల నిలబెట్టుకుని చూశాడు. అడగడు. ఆ ప్రశ్న ఎవరికీ నోట్లోంచి రాదు.

"ఇక ఆపెయ్యమ్మా."

శాంభవి ఫోన్ తీసుకుంది. మొహంలో సంబరం పోయింది. "ఏమన్నా తప్పడిగానా బాబాయిగారూ?"

"నువ్వడిగింది బాగానే ఉంది. పైకెళ్లు."

ఒక ఆడపిల్ల చెప్పిందని నమ్మేసే మనిషి కాదు రత్తయ్య. మర్నాడు షెడ్డు తెరవగానే డ్రైవరు హనుమయ్య దొరికాడు. వెనక కట్ట విరిగిన లారీ జాకీల మీద ఉంది. దాని నీడలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"హనుమయ్యా, నువ్వు ఒరిస్సాలో ఉన్నావనుకో. ఇంటికాడ నుంచి ఫోనొచ్చింది. మీ అమ్మకి సీరియస్‌గా ఉంది, బయల్దేరమన్నారు. ఏం చేస్తావ్?"

"పళ్లన్నా తోముకోనియ్యవా? పొద్దున్నే మా అమ్మ మీద పడ్డావేంటన్నా!" హనుమయ్య నురగ ఉమ్మేశాడు. "ఏం చేస్తాం? బండి ఓ పక్కన పెట్టి, మా అన్నదమ్ములందరికీ చెప్పి, ఓ దండ తీసుకుని పోతా."

"దండెందుకు? సీరియస్ అన్నారు గానీ పోయిందన్లేదే."

హనుమయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "బతికుంటే సీరియస్ అని ఎందుకంటారన్నా? ఆస్పత్రిలో ఉంది, పర్లేదంటారు."

టీ బండి సంపూర్ణమ్మ పాలు తిరగబోస్తూ ఇదంతా వింటోంది. "మా ఆయనప్పుడు నాకూ అదే చెప్పారన్నయ్యా. బస్సులోనే ఏడుపు మొదలెట్టా. పక్క సీట్లో ఆవిడ ఏంటమ్మా అంది. మా ఆయనకి సీరియస్ అంటన్నారు అన్నా. అంతే, నాతోపాటు ఆవిడా ఏడ్చింది."

"నిజంగానే సీరియస్ అయ్యుంటే?"

"అయితే ఇద్దరి ఏడుపూ దండగయ్యేది," అని నవ్వింది సంపూర్ణమ్మ. ఆ నవ్వు మధ్యలోనే కొంగుతో కళ్లొత్తుకుంది. "నీకేం పుట్టిందయ్యా ఇవాళ? ఇన్నేళ్లలో టీ, పంచదార తక్కువ, ఇంతకు మించి ఒక్క మాటన్నా ఆడావా?"

రత్తయ్య టీ తాగాడు. ఇంకా ఇద్దర్ని అడిగాడు. రేకులు కొట్టే కుర్రాడు కూడా దండ అన్నాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా, మనిషుందా అని అడుగుతానన్లేదు. ఎవరైనా అంటే బాగుండునని అతను లోపల్లోపల ఎదురుచూశాడు. అలా అనుంటే దుర్గాప్రసాద్ తప్పు అలాగే నిలిచేది. తన తలుపూ అలాగే మూసుండేది.

మధ్యాహ్నం భోజనాలకి సమ్మెటలు ఆగాయి. రత్తయ్య వెనక గదిలోకి వెళ్లి ఏలూరు ఫోన్ చేశాడు.

"బావా?" అంది అవతల గొంతు. వెంటనే వణికింది. "ఎవరికి బావా? ఏమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నేను బతికే ఉన్నా. ఒకటి అడగాలి నిన్ను."

"అడుగు."

"ఆ రోజు నేను ఫోన్ చేసి ఏమన్నాను?"

"అక్కకి సీరియస్‌గా ఉంది, బయల్దేరు అన్నావ్."

"ఇంకేమన్నా అన్నానా?"

"లేదు. పెట్టేశావ్."

"నీకేమర్థమైంది?"

"ఏమర్థమవుద్ది బావా? అక్క పోయిందని. అక్కడే కూలబడ్డా. కాసేపటికి లేచి మనవాళ్లందరికీ ఫోన్లు చేశా. వ్యాను మాట్లాడి ఊరూరా ఎక్కించుకుంటూ వచ్చా. ఉందని తెలిస్తే లుంగీ మీదే వచ్చేసేవాణ్ణి కదా!"

"మరి ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలా?"

"చెప్పనిచ్చావా నువ్వు?"

రత్తయ్య తిట్టబోయి ఊరుకున్నాడు.

"బావా, నేనూ ఒకటి అడగనా? అక్క... ఏమన్నా అందా?"

ఆరేళ్లుగా ఆ మాట రత్తయ్య దగ్గరే ఉండిపోయింది. దాన్ని వినడానికి బావమరిది తగడనుకున్నాడు.

"నీ కోసమే అడిగింది. తమ్ముడొచ్చాడా అని. దారిలో ఉన్నాడన్నాను."

అవతల మగవాడి ఏడుపు. రత్తయ్య ఓదార్చలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. అయిపోయేదాకా చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"గురువారం తద్దినం," అన్నాడు చివరికి. "పొద్దున్నే రా. వ్యాను, జనం వద్దు. ఒక్కడివే రా."

"వస్తా బావా."

"వచ్చేటప్పుడు జంక్షన్లో దండ కొను. ఫొటోకి."

"చేమంతులేనా?"

"అవే."

సాయంత్రం ఇంటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి శాంభవిని పిలిచాడు. ఆ పిల్ల భయంభయంగా దిగింది.

"నిన్న నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్పలా. రికార్డు పెట్టు."

శాంభవి ఫోన్ ముందుకు చాపింది. రత్తయ్య దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకున్నాడు, అవతల నిజంగా ఎవరో ఉన్నట్టు.

"మీ అక్కకి బాలేదురా. మనిషుంది. మాట్లాడుతోంది. నీ కోసమే అడుగుతోంది. ఎలా ఉన్నవాడివి అలా వచ్చెయ్."

ఫోన్ ఆ పిల్ల చేతిలో పెట్టి, లోపలికెళ్లి పొయ్యి వెలిగించుకున్నాడు.